నాలుగున్నర దగ్గర గూని

పదమూడు ఆసుపత్రుల కరెంటు నా బల్ల మీదికొస్తుంది.
భీమవరంలో, రొయ్యల మేత కొట్టు పైన మా ఆఫీసు.
కిటికీ తెరిస్తే తవుడూ చేపపొడీ కలిసిన వాసన,
మూస్తే ఏసీ.
ఆ ఏసీ యూనిట్లూ నేనే రాసుకోవాలి.

నెల మొదటి వారం అంకెలు దిగుతాయి,
మగపెళ్ళివారిలా, ఏ ఒక్కరూ వేళకి రారు.
తణుకు ముందు. పాలకొల్లు రెండుసార్లు ఫోను చేస్తే గానీ కదలదు.
రాజోలు వాళ్ళు మీటరుకి ఫోటో తీసి పంపుతారు,
అద్దంలో తీసినవాడి మొహం కనిపిస్తుంది, అంకె కనిపించదు.
డీజిలు లీటర్లలో, గ్యాసు బండల్లో, నీళ్ళు ట్యాంకర్లలో,
పసుపు సంచుల చెత్త తూకంలో.
అన్నిటినీ కిలోల పొగగా మార్చి హైదరాబాదు పంపుతాను.
అక్కడెవరో మంచాలతో భాగిస్తారు.
మంచం మీద ఒకరు, కింద చాప మీద ఇద్దరు.
ఆ చాపలు ఏ గడిలోనూ లేవు.

సఖినేటిపల్లి మా బుద్ధిమంతురాలు.
ముప్పై మంచాలు, డాబా మీద సోలారు నీళ్ళ పీపా,
రిపోర్టులో ఎప్పుడూ ఆకుపచ్చ గడి.
దాన్ని చూపించే మిగతా పన్నెండిటికీ చీవాట్లు.
పావుగంటకోసారి పలికే కొత్త మీటరు బిగించాక
తెల్లారుజామున నాలుగున్నర దగ్గర
గీత వీపు మీద చిన్న గూని.
మూడు కిలోవాట్లు. నలభై నిమిషాలు.
దానికి ఆదివారం లేదు, పండగ లేదు.

"ఎవరో వైరు లాగి ఉంటారు, పట్టుకు రండి" అన్నారు భాస్కరరామం గారు.

నరసాపురం రేవులో చివరి పంటు ఎక్కి వశిష్ఠ దాటాను.
స్టోరు గదిలో సెలైన్ పెట్టెల మధ్య పడుకున్నాను.
నాలుగింటికి చెప్పుల చప్పుడు.

బాలింతల వార్డు వెనక, అట్టపెట్టెల చాటున
రెండు బకెట్లు, రెండిట్లో రెండు కాయిల్ హీటర్లు.
పక్కన స్టూలు మీద ఆయా గెడ్డం రాహేలమ్మ
నీళ్ళు కూనిరాగం తీస్తుంటే కునికిపాట్లు పడుతోంది.

"పైన సోలారుంది కదమ్మా?"
"ఉందండీ. మొన్నటి తుపాను కాదు, ఆ ముందు తుపానుకి పైపు ఊడిపోయిందండి.
చెప్పేం. రాసుకెళ్ళేరు. ఆయ్.
చన్నీళ్ళు పోయమంటారా పచ్చిబాలింతకి?"
"ఈ హీటర్లు ఎవరివి?"
"ఒకటి నాదండి. రెండోది నైటు సిస్టరమ్మది."

డాబా ఎక్కాను. ఉప్పుగాలికి గొట్టాలు తెల్లగా పొక్కాయి,
పీపా మూతలో పిచ్చుక సంసారం.
దీని పేరనే నేను రెండేళ్ళుగా
ఇంత పొగ తగ్గిందని నెలనెలా రాస్తున్నది.
కూడిక ఎక్కడా తప్పలేదు.
లేని నీళ్ళని, భీమవరంలో కూర్చుని, కాచాను.

తిరుగు పంటు మీద మోటారు సైకిళ్ళు, కొబ్బరి గెలలు, ఒక మేక.
ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ నెల ఆకుపచ్చ గడి ఎర్రబడింది.
పాత నెలలు కూడా వెనక్కి వెళ్ళి ఒక్కొక్కటే ఎర్రబరిచాను.
ఇరవై నాలుగు గడులు.
భాస్కరరామం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.
హీటర్లు పీకెయ్యమని రాయలేదు, ప్లంబరు కావాలని రాశాను.
చివర ఒక కొత్త వరుస కలిపాను:
వేడినీళ్ళు, బకెట్లలో.
హైదరాబాదు అడిగింది, దీన్ని దేనితో భాగించాలని.
జవాబు ఇంకా బాకీ.

ఇప్పుడు పొద్దున్నే ముందు ఆ గీతే చూస్తాను.
గూని లేచిందంటే అక్కడ ఎవరో ఒకరు లేచారన్నమాట.
నిన్న లేవలేదు.
ఫోను చేశాను.
"కరెంటు పోయిందండి. జనరేటరు ఆపరేషను గదికేనన్నారు.
పెరట్లో పొయ్యి రాజేశాను."
ఎన్ని కిలోల కట్టెలని అడిగాను, అలవాటుగా.
"కొబ్బరిమట్టలండీ," అంది రాహేలమ్మ,
"తూయలేదు."